బొబ్బలెక్కిన చేతులు



ఇది ఎవరి స్మారక ఉపన్యాసమని లోపలికి వస్తుంటే ఒకాయన నన్ను అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ఆహ్వాన పత్రికలో పేరు లేదు, నా వెనక కట్టిన బ్యానర్ మీదా లేదు. నిధి ఇచ్చిన కుటుంబం పెట్టిన ఒకే ఒక్క షరతు అది. వాళ్ల నాన్నగారు గుండ్లకమ్మ ఏటికి ఈవల ఒక పల్లెలో నలభై ఏళ్లు ఉపదేశిగా ఉన్నారు. పొద్దున బడి చెప్పడం, సాయంత్రం ప్రార్థన పెట్టడం, మధ్యలో పల్లెవాళ్లకి అర్జీలూ ఉత్తరాలూ రాసిపెట్టడం ఆయన పని. జీతం ఏ నెలా నెలాఖరు చూడలేదు. పోయేముందు పిల్లల్ని పిలిచి, తన పేరు ఏ పలక మీదా చెక్కించొద్దని చెప్పారట. ఆయన్ని నేను ఎరుగుదును. మా ఇంటికి వచ్చినప్పుడు మజ్జిగ తాగి, గ్లాసు తానే కడిగి బోర్లించి వెళ్లేవారు. ఇవాళ నేను మాట్లాడబోయేది కానుకల గురించి, దేవుడి పేరట డబ్బు ఎటు నుంచి ఎటు నడుస్తోందన్న దాని గురించి. అందుకే ఆ పేరు లేని మనిషిని తలుచుకుని మొదలుపెడుతున్నాను.

కానుక వేస్తే దేవుడు డబ్బూ ఆరోగ్యమూ ఇస్తాడన్న బోధను సెమినరీల్లో సమృద్ధి సువార్త అంటారు. పల్లెల్లో ఎవరూ ఆ మాట అనరు. ‘ఆశీర్వాదం’ అంటారు. ‘ఫలానా అయ్యగారి దగ్గర ఆశీర్వాదం ఉందంట, పోయొద్దాం పద’ అంటారు. ‘విత్తనం వెయ్యడం’ అంటారు. రాత్రి టీవీ పెడితే కింద ఫోన్‌పే నంబరు నడుస్తుంటుంది, పైన ఒక దైవజనుడు ఈ రాత్రే విత్తనం వేసేవాళ్ల అప్పులు తీరిపోతాయని చెబుతుంటాడు. సాక్ష్యం చెప్పడానికి వచ్చినవాళ్లు ఇల్లు కట్టామంటారు, వీసా వచ్చిందంటారు, కారు కొన్నామంటారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పంచే వాగ్దాన కార్డుల్లో కూడా ఇప్పుడు శ్రమ అన్న మాట వెతికినా దొరకదు. ఈ బోధ సారం మూడు ముక్కల్లో చెప్పొచ్చు. నీ ఆరోగ్యం, నీ డబ్బు, నీ ఇల్లు దేవుడు ముందే నీకు రాసిపెట్టాడు. నోటితో ఒప్పుకుని, చేత్తో కానుక వేస్తే అవి నీ చేతికి వస్తాయి. రాలేదంటే లోపం నీ విశ్వాసంలో ఉంది. మొదటి రెండింటి వల్ల మనిషి డబ్బు పోతుంది. మూడోదాని వల్ల మనిషే పోతాడు. అది ఎలాగో తర్వాత చెబుతాను.

ముందు గుండ్లకమ్మ దగ్గరికి వెళదాం. నేను ఒంగోలు వైపు వాణ్ని. మా వైపు సంఘాల కథ ఎక్కడ ఎత్తుకున్నా ఆ ఏటి ఒడ్డుకు రావలసిందే.

జాన్ క్లౌ దొరగారు 1866లో ఒంగోలు వచ్చారు. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ అప్పటికి ముప్పై ఏళ్లుగా ఉంది. చేరినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. మిషన్ మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ కూడా జరిగింది. అలాంటి సమయంలో యర్రగుంట్ల పేరయ్య వచ్చాడు. తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ మనిషి, అంతకు ముందే గురువుల దగ్గర యోగమార్గం తెలుసుకుని ఉన్నవాడు. దొరగారికి మాదిగపల్లెల దారి చూపింది ఆయనే. ఆ పల్లెల్లో విశ్వసించినవాళ్లు చచ్చిన గొడ్డు మాంసం తినడం మానేశారు. జాతరలో డప్పు కొట్టబోమన్నారు. ఆదివారం పనికి రామన్నారు. దానికి ఊళ్లు ఇచ్చిన జవాబు దెబ్బలు, పని లేకుండా చేయడం, నీళ్ల దగ్గరికి రానివ్వకపోవడం. అంటే మా ముత్తాతల కాలంలో బాప్తిస్మం తీసుకున్నవాడు మరునాడు అంతకు ముందు కంటే పేదవాడయ్యేవాడు. ఆ మాట మనం మర్చిపోయాం.

1876లో వానలు తప్పిపోయాయి. ఆ తర్వాత రెండేళ్ల పాటు మద్రాసు ప్రెసిడెన్సీని తిన్న ఆ కరువును మా పెద్దలు తలుచుకుంటే గొంతు తగ్గించేవాళ్లు. ప్రభుత్వం కరువు పనుల కింద సముద్రం వెంబడి బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. క్లౌ దొరగారు మిషనరీ కాక ముందు అమెరికాలో సర్వే పని చేసిన మనిషి. మూడు మైళ్లకు పైగా కాలువను తానే గుత్తకు తీసుకున్నారు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. ఎండలో పగలల్లా మట్టి తవ్వి, గంప నెత్తిన పెట్టుకుని గట్టు ఎక్కి పోసిన మనిషికి సాయంత్రం కూలి చేతికొచ్చేది. పని మధ్య కాస్త కూర్చున్నప్పుడు అదే మేస్త్రీ పక్కన కూర్చుని యేసు మాట చెప్పేవాడు. వేలమంది విన్నారు. విని, మాకు బాప్తిస్మం ఇవ్వండని అడిగారు.

ఆయన ఇవ్వలేదు. ఏడాదికి పైగా, కరువు పట్టి ఉన్నంత కాలమూ, ఒక్కరికీ ఇవ్వలేదు. మిషన్ లెక్కల్లో గొప్ప సంఖ్యలు చూపించుకోవడానికి అంతకంటే మంచి అదను ఏ మిషనరీకీ దొరకదు. చేతిలో తిండి ఉంది, ఎదురుగా ఆకలి ఉంది. తిండి కోసం వచ్చినవాడికీ, క్రీస్తు కోసం వచ్చినవాడికీ తేడా తెలియకుండా పోతుందన్న భయంతో ఆయన ఆగారు. తిండి ఆపలేదు. బాప్తిస్మం ఆపారు. ఈ ఒక్క సంగతిని మన బైబిలు పాఠశాలల్లో మొదటి ఏడు మొదటి పాఠంగా చెప్పాలని నా కోరిక.

1878 జూన్ నాటికి వానలు తిరిగొచ్చాయి. ఇక పంచడానికి డబ్బు లేదు, సాయం ఆగిపోయిందని అందరికీ చెప్పించారు. అయినా జనం వచ్చారు. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర గుమిగూడారు. మాకేమీ ఇవ్వొద్దన్నారట వాళ్లు. తట్టలు మోసిన చేతులు చాపి బొబ్బలు చూపించారట. కష్టం చేసుకుని బతికామనీ, ఇక ముందూ అలాగే బతుకుతామనీ చెప్పారట. ఈసారీ పంట పోతే చచ్చిపోతామని వాళ్లకి తెలుసు. చచ్చేదేదో క్రైస్తవులుగా చస్తామని వాళ్లు అడిగినట్టు దొరగారే తన జీవిత కథలో చెప్పుకున్నారు. జూలై 3న ఆ ఏటిలో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఇచ్చింది తెల్లవాళ్లు కూడా కాదు, అభిషేకం పొందిన మన తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని.

వాళ్లందరికీ అన్నం పెట్టిన చేతి మీద కృతజ్ఞత లేదని నేను అనను. ఉంటుంది, ఉండాలి కూడా. ఆకలిగొన్నవాడికి అన్నమూ ఆత్మా వేరువేరు అరల్లో ఉండవు. కానీ ఆ రోజు నీళ్లలోకి దిగినవాళ్లకి ఎవరూ పంట వాగ్దానం చేయలేదు. పంట రాకపోయినా నమ్ముతామని వాళ్లే చెప్పారు. సమృద్ధి బోధకు పూర్తిగా ఎదురుదిక్కున నిలబడే విశ్వాసప్రమాణం ఎక్కడైనా ఉందా అంటే, అది మా ఏటి ఒడ్డున ఉంది. దాన్ని వదిలేసి మనం ఓక్లహోమా నుంచి సరుకు తెచ్చుకున్నాం.

అవును, ఈ బోధ పుట్టిల్లు అమెరికా. ఈ. డబ్ల్యు. కెన్యన్ (1867–1948) అనే బోధకుడు నోటితో పలికిన విశ్వాసపు మాటకు శక్తి ఉందనే ఆలోచనకు రూపం ఇచ్చాడు. కెన్నెత్ హేగిన్ (1917–2003) దాన్ని ఊరూరా చెప్పి, 1974లో ఓక్లహోమాలో రేమా అనే బైబిలు శిక్షణాలయం పెట్టాడు. మనం రోజూ వినే ‘విత్తనం’ ఓరల్ రాబర్ట్స్ చేతి మీదుగా వచ్చింది. ఆయన గురించి తేలిగ్గా మాట్లాడడం నాకిష్టం లేదు. పేద ఇంట్లో పుట్టి, కుర్రతనంలో క్షయతో మంచం పట్టి, ప్రార్థన తర్వాత లేచినవాడు. ఆయన స్వస్థత సభల్లో కన్నీళ్లు నిజమైనవే. కానీ అదే మనిషి 1987లో, మార్చి నెలాఖరులోగా 80 లక్షల డాలర్లు పోగు కాకపోతే దేవుడు తనను తీసుకుపోతాడని టీవీలో ప్రకటించాల్సిన చోటికి చేరాడు. విత్తనం అన్న మాటను ఒకసారి డబ్బుకు అంటగట్టాక అది ఎక్కడ ఆగాలో దానికే తెలియదు. రెండేళ్ల తర్వాత మరో పేరున్న టీవీ ప్రసంగీకుడు జిమ్ బేకర్ విశ్వాసుల సొమ్ము విషయంలో మోసానికి శిక్షపడి జైలుకెళ్లాడు. జైల్లో సువార్తలు మొదటి నుంచి నెమ్మదిగా చదువుకున్నాడట. చదివి, డబ్బు గురించి తాను బోధించింది తప్పని 1996లో పుస్తకం రాసి ఒప్పుకున్నాడు. ఆయన పాత ప్రసంగాల లాంటివి ఇంకా మన ఛానళ్లలో తెలుగులో నడుస్తున్నాయి. తప్పు ఒప్పుకున్న సంగతి మాత్రం మన దాకా రాలేదు.

వాక్యం చూపించి అడుగుతారు కదా అయ్యగారూ, మేమేం చెయ్యగలం అని విశ్వాసులు అంటారు. నిజమే, చూపిస్తారు. అందుకని ఆ వాక్యాల పక్క వాక్యాలు కూడా చదవమంటాను. కానుకల పెట్టెలో రెండు కాసులు వేసిన బీద విధవరాలి కథ లేకుండా విత్తన ప్రసంగం ఉండదు. తనకున్నదంతా వేసింది, నువ్వూ వెయ్యి అంటారు. మార్కు సువార్త పన్నెండో అధ్యాయంలో ఆ కథకు సరిగ్గా ముందు ఏముందో ఎవరూ చదివి వినిపించరు. పొడుగాటి అంగీలు వేసుకుని, సంతవీధుల్లో వందనాలు కోరుకుని, విధవరాళ్ల ఇళ్లు మింగేసే శాస్త్రుల్ని యేసు ఖండించిన మాట అక్కడ ఉంది. ఆ మాట అయిన వెంటనే ఆయన కానుకల పెట్టె ఎదుట కూర్చుని ఆ విధవరాలిని చూశాడు. ఇల్లు మింగించుకున్న మనిషి ఆమే అయి ఉండొచ్చు. ఆమెకు నూరంతలు తిరిగొస్తుందని ఆయన చెప్పలేదు. ఆమె ఇంటికి వెళ్లి ఏం తిన్నదో మనకు తెలియదు. ఆ కథను చూపించి ఇంకో విధవరాలి దగ్గర డబ్బు అడిగేవాడు, ఆ రెండు పేరాల్లో తాను ఏ పేరాలో ఉన్నాడో చూసుకోవాలి.

దశమభాగం సంగతీ అంతే. మలాకీ గ్రంథంలోని ఆకాశపు కిటికీలు అందరికీ కంఠస్థం. ద్వితీయోపదేశకాండం పద్నాలుగో అధ్యాయంలో, మూడేళ్లకోసారి ఆ దశమభాగాన్ని ఊళ్లోనే ఉంచి లేవీయుడు, పరదేశి, తండ్రి లేని పిల్లలు, విధవరాలు తృప్తిగా తినేలా పెట్టాలని రాసి ఉంది. మలాకీ మందిరపు కొట్టుకు తెమ్మని కోపంగా అడిగిందీ దశమభాగమే. అది రాకపోతే పస్తులుండేది వాళ్లే. ఇవాళ అదే వాక్యం చదివి ఆ విధవరాలి దగ్గరే వసూలు చేస్తున్నాం. ఇక మూడో యోహాను పత్రికలోని నువ్వు వర్ధిల్లాలన్న మాట గాయు అనే మిత్రుడికి రాసిన క్షేమసమాచారపు పలకరింపు. దాని మీద ఇంత సిద్ధాంతం కట్టడం గురించి నేను ఎక్కువ చెప్పను.

ఈ బోధలో మూడో ముక్క, లోపం నీ విశ్వాసంలోనే ఉందన్నది, మనిషినే తీసుకుపోతుందన్నాను. మా పక్క పల్లెలో ఒక తల్లి ఉంది. భర్త లేడు. కొడుక్కి ఇరవై మూడేళ్లు, రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వారానికి రెండుసార్లు ఒంగోలు తీసుకుపోయి డయాలసిస్ చేయించేది. ఎవరో చెబితే ఒక పెద్ద స్వస్థత కూడికకు తీసుకెళ్లింది. ఏ కూడిక, ఎవరి కూడిక అన్నది నేను చెప్పను. అలాంటివి చాలా ఉన్నాయి. అక్కడ విత్తనం వెయ్యమన్నారు. చెవి కమ్మలు వేసింది. తర్వాతి నెల పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు వేసింది. స్వస్థత వచ్చేసిందని నోటితో ఒప్పుకున్నాక మళ్లీ సూది పొడిపించుకోవడం అవిశ్వాసమని అక్కడ వాళ్లకి అర్థమైంది. ఎవరైనా నేరుగా అలా అన్నారో, వీళ్లే అలా అర్థం చేసుకున్నారో నాకు తెలియదు. రెండు వారాలు డయాలసిస్ మానేశారు. అబ్బాయి పోయాడు.

సమాధి కార్యక్రమం నేనే చేశాను. అంతా అయిపోయి జనం వెళ్లిపోయాక ఆమె నా దగ్గరకొచ్చి ఒక్క ప్రశ్న అడిగింది. ‘అయ్యగారూ, ఎంత తక్కువైంది?’ డబ్బు ఎంత తక్కువైందని అడిగిందో, విశ్వాసం ఎంత తక్కువైందని అడిగిందో నాకు అర్థం కాలేదు. ఆమె దృష్టిలో ఆ రెండూ ఒకటైపోయాయని ఇంటికొచ్చాక అర్థమైంది. బిడ్డ పోయిన దుఃఖం ఎవరైనా పంచుకోగలరు. బిడ్డను నా విశ్వాసలోపమే చంపిందనుకునే తల్లి పక్కన కూర్చోవడానికి మనకు మాటలుండవు. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మూసుకుని కూర్చున్నంతసేపు మంచివాళ్లే. నోరు తెరిచి ఇది నీ తప్పేనన్నప్పుడు దేవుడికి కోపం వచ్చింది.

ఆమె ఆ కూడికకు ఎందుకు వెళ్లిందని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. నేను పదిహేను మైళ్ల దూరంలో పాస్టరేటు కమిటీ గొడవల్లో ఉన్నాను. మన పాత సంఘాల సంగతి ఇక్కడున్న అందరికీ తెలుసు. మిషన్ కాంపౌండు స్థలాల మీద కేసులు, ఎన్నికల్లో వర్గాలు, ఒక్కొక్క పాస్టరుకు పదేసి పల్లెలు. అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎత్తి, బండేసుకుని వచ్చి, తాగొచ్చి కొట్టే మొగుడికి ఎదురు నిలబడి, జ్వరంతో ఉన్న పిల్ల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించేవాడు పల్లెలోని చిన్న రేకుల షెడ్డు స్వతంత్ర పాస్టరే. స్వస్థత కోసం ప్రార్థించడం మనకు పరాయిదీ కాదు. ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో బైబిల్ మిషన్ మొదలుపెట్టిన నాటి నుంచి తెలుగువాళ్లు రోగుల మీద చేతులుంచి ప్రార్థిస్తూనే ఉన్నారు. నయమైనవాళ్లు ఉన్నారు, నేను చూశాను. కాబట్టి తప్పు ప్రార్థనలో ఉందని నేను ఒప్పుకోను. కుష్ఠు నయమైన నయమాను దగ్గర ఎలీషా ప్రవక్త ఒక్క నాణెం ముట్టలేదు. వెనక నుంచి పరుగెత్తి అడిగినవాడు ఆయన సేవకుడు గేహజీ. ఆ కుష్ఠు వాడికి అంటుకుంది.

పేదరికం పుణ్యమని కూడా నేను చెప్పడం లేదు. మా తాత చెప్పులు కుట్టాడు, మా నాన్న మిషన్ బడిలో పంతులయ్యాడు, నేను మీ ముందు మైకు పట్టుకున్నాను. ఇది సమృద్ధే. దేవుడి దయే. కానీ అది వచ్చిన దారి చూడండి. గుంటూరులో అన్నా కూగ్లర్ డాక్టరమ్మగారు ఆడవాళ్లకు ఆస్పత్రి కట్టారు. ఊరూరా బోర్డింగు హాస్టళ్లలో పిల్లలకు అన్నం పెట్టి అక్షరాలు నేర్పారు. మెదకులో పోస్నెట్ దొరగారు కరువు రోజుల్లో జనానికి పనిచ్చి చర్చి కట్టించారు, 1924 క్రిస్మస్ రోజున అది ప్రతిష్ఠ అయింది. వాటన్నిటిలో డబ్బు సంఘం చేతి నుంచి పేదవాడి చేతికి నడిచింది. ఇప్పుడు పేదవాడి చేతి నుంచి వేదిక మీదికి నడుస్తోంది. క్లౌ దొరగారి కాలంలోనూ, ఇప్పుడూ వినేవాళ్లు ఆ పల్లెల వాళ్లే. డబ్బు దిశ ఒక్కటే తిరగబడింది.

ఆ పల్లెల వాళ్లు ఎందుకు పేదవాళ్లు? సెంటు భూమి లేకుండా తరాలు గడిచాయి కాబట్టి. ఊరి బావి, ఊరి గుడి, ఊరి బడి వాళ్లకు మూసి ఉండేవి కాబట్టి. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వులోని మూడో పేరా వల్ల దళితుడు క్రైస్తవుడైతే ఆ జాబితాలో ఉండడు. మన దగ్గర బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తెరిచిన తలుపు మనకు ఇంకా మూసే ఉంది. ఇవన్నీ మనుషులు చేసిన పనులు. మనుషులే మార్చగలరు. అలాంటి మనిషిని పిలిచి నీ లేమికి కారణం నీ అవిశ్వాసమని చెబితే, వెయ్యేళ్ల అన్యాయాన్ని ఆ పేదవాడి నెత్తి మీదికే ఎత్తినట్టు. కర్మ సిద్ధాంతం నుంచి విడుదల వచ్చిందని మా తాతలు ఏటిలోకి దిగారు. మనవలకు దాన్నే ఇంకో పేరుతో తిరిగి ఇస్తున్నాం.

ఇక సువార్త సేవ సంగతి. 1912లో దోర్నకల్ బిషప్పు అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు. తిరునల్వేలి నుంచి తెలుగు నేల మీదికి వచ్చి మన భాష నేర్చుకున్న మిషనరీ. బాప్తిస్మం పొందిన ప్రతివాడి చేతా తల మీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాటను ప్రమాణంగా పలికించేవారు. కూలివాడైనా, చదువు రానివాడైనా అంతే. బాప్తిస్మం రోజునే వాడికి ఏదో దొరకడం మొదలవలేదు, వాడి మీద ఒక పని పడింది. క్రైస్తవ దానం మీద ఆయన ఒక పుస్తకమే రాశారు. పేదవాడు కూడా ఇవ్వాలని ఆయన గట్టిగా చెప్పేవారు. ఆయన ఇమ్మన్నది తిరిగి రాబట్టుకోవడానికి కాదు. తన సంఘాన్ని తానే పోషించుకుని, పక్క పల్లెకు ఇంకో మనిషిని పంపడానికి.

మా అమ్మ పొయ్యి పక్కన చిన్న కుండ ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు అందులో వేసేది. ఆదివారం అది మందిరానికి వెళ్లేది. మిజోరంలో ఇదే గుప్పెడు బియ్యం పద్ధతి 1910లో మొదలైంది. వరి కోసుకుని బతికే కొండ పల్లెల ఆడవాళ్లు ఆ గుప్పెళ్లతో ఇవాళ దేశమంతటా మిషనరీలను పంపుతున్నారు. మన దగ్గర చాలా కుండలు పగిలిపోయాయి. ఆ బియ్యం స్థానంలో విత్తనం వచ్చింది. గుప్పెడు బియ్యం వేసిన తల్లికి ఇంకెవరో వింటారన్న ఆశ. విత్తనం వేసిన తల్లికి నాకు తిరిగొస్తుందన్న ఆశ. ఆమెను తప్పుపట్టను, ఆమెకు అలాగే నేర్పారు. కానీ అలా నేర్చుకున్న సంఘం ఎవరినీ ఎక్కడికీ పంపదు. పదిమందిని పోగుచేసి ఒక హాలు కడుతుంది, తర్వాత ఇంకా పెద్ద హాలు కడుతుంది. బైబిలు పాఠశాల ముగించిన కుర్రవాళ్లని ఎక్కడికి పోతావు నాయనా అని అడిగితే నల్లమల గూడేల పేరు చెప్పేవాడు ఇప్పుడు అరుదు. యూట్యూబ్ ఛానల్ పెడతానంటాడు.

ఇంకొకటి. అన్నానికి అమ్ముడుపోయిన మతం అని మనల్ని నూటయాభై ఏళ్లుగా అంటున్నారు. 1967 ఒడిశా చట్టం, 1968 మధ్యప్రదేశ్ చట్టం ఆశ చూపించి మతం మార్చడం నేరమన్నాయి. వాటి వెనక ఉన్న అనుమానం మన మీద అన్యాయంగా పడిందని నేను నమ్ముతాను. గుండ్లకమ్మే నాకు సాక్ష్యం. కానీ వేదిక మీద నుంచి యేసును నమ్మితే ఇల్లు, కారు, వీసా అని మైకులో చెప్పే రోజున నా సాక్ష్యం చెల్లదు. క్లౌ దొరగారు ఏడాది పైగా కాపాడిన పరువును మనం ఒక్క పోస్టరుతో పోగొట్టుకుంటున్నాం.

ఇది తెల్లవాళ్లో, చదువుకున్నవాళ్లో పేదల ఆశ మీద చేసే విమర్శ అని కొందరంటారు. అందుకే ఘనా దేశపు అక్రోపాంగ్ పేరు చెప్పాలి. 2008లోనూ, 2009లోనూ లొసాన్ అనే ప్రపంచ సువార్తిక ఉద్యమానికి చెందిన ఆఫ్రికా వేదాంతులు అక్కడ కూడి ఈ బోధ మీద ఒక ప్రకటన రాశారు. దేవుడు అద్భుతాలు చేస్తాడని అందులో గట్టిగా ఒప్పుకున్నారు. ఆయన శక్తి మనం నొక్కితే పనిచేసే మీట కాదన్నారు. పేదరికం ఉన్న చోట ఇదొక్కటే ఆశగా కనిపిస్తుందని జాలిగా గుర్తించారు. బోధించేవాళ్లు బాగుపడుతున్నారనీ, విన్నవాళ్లకు పాత పేదరికం మీద కొత్త నిరాశ మిగులుతోందనీ తేల్చారు. మన పల్లె గురించి రాసినట్టే ఉంటుంది.

స్వతంత్ర సంఘాలన్నీ ఇలాంటివేనని ఎవరైనా అనుకుంటే నేను ఒప్పుకోను. హైదరాబాదు హెబ్రోనులో భక్త్ సింగ్ గారు 2000లో ప్రభువు దగ్గరికి వెళ్లేదాకా సేవకుల కోసం ఎవరినీ డబ్బు అడగలేదు. అడగకుండానే సంఘాలు నడిచాయి. పాత సంఘాలన్నీ శుద్ధంగా ఉన్నాయనీ చెప్పలేను. కోత పండుగ నాడు ఎక్కువ ఇచ్చినవాళ్ల పేర్లు ముందు చదివిన పాస్టర్లలో నేనూ ఒకణ్ని. కోడిగుడ్డు తెచ్చిన ముసలమ్మ పేరు చివర్లో, జనం లేచి పోతుండగా చదివాను. ఆ ముసలమ్మ ఇప్పుడు లేదు, ఆమెకు క్షమాపణ చెప్పుకునే వీలు లేదు.

ఆ కుర్రవాడి సమాధి అయిన తర్వాత మా సంఘంలో ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకున్నారు. నేను పిలిచిన సభ కాదు. కుండలు మళ్లీ తీశారు. ఆ బియ్యం అమ్మిన డబ్బుతో ఒక ఆటోకి నెలకింత అని మాట్లాడారు. ఆ చుట్టుపక్కల డయాలసిస్‌కి పోవలసినవాళ్లు నలుగురున్నారు. అందులో ఇద్దరు మందిరానికి ఎప్పుడూ రానివాళ్లు. మంగళవారం, శుక్రవారం తెల్లవారి ఐదున్నరకు ఆటో కదులుతుంది. ఆ తల్లి ప్రతిసారీ వాళ్ల వెంట వెళుతుంది. సంచిలో అన్నం, దుప్పటి, వాళ్ల కాగితాలు పెట్టుకుని, సూది ఉన్నంతసేపూ పక్కన కూర్చుంటుంది. ఆమె ప్రశ్నకు నేను ఇంకా సరైన జవాబు చెప్పలేదు. ఆదివారం కానుకలు పట్టేటప్పుడు ఆమె ఇప్పటికీ తలెత్తదు. మంగళవారం మాత్రం ఆటో హారను కొట్టకముందే వాకిట్లో నిలబడి ఉంటుంది.